బ్యూగిల్ ఏమని పలికింది

3, మంగళవారం

ఇది ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. ఆఫీసులో చెబితే ఈ పని నా చేతిలోంచి తీసేస్తారు. ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది. హాస్టల్లో చెబితే రేపు టిఫిన్ వేళకి అందరి నోళ్లలోనూ నానుతుంది. అందుకని రాస్తున్నాను.

కొత్త యుద్ధ మ్యూజియం నాలుగో హాలు లేబుళ్ల కట్ట ప్రొఫెసర్ గారు ఇవాళ నా బల్ల మీద పెట్టారు. అందులో తొమ్మిదోది మా నాన్న గురించి.

పేరు లేదు. బ్యూగిలర్ అని మాత్రమే ఉంది, అంటే సైన్యంలో పిలుపుల బాకా ఊదేవాడు. ప్రొఫెసర్ గారు ఇంగ్లీషులో రాసినదాన్ని నేను తెలుగులోకి ఇలా దించాను:

"కొండ స్థావరం. శత్రువు దాడి చేస్తాడని ఎదురుచూస్తున్న సాయంత్రం, బ్యూగిలర్ ఆజ్ఞ లేకుండా వెనక్కి తగ్గే పిలుపు ఊదాడు. దళం కొండ దిగింది. తెల్లారేసరికి స్థావరం శత్రువు పాలైంది. దాన్ని తిరిగి గెలవడంలో పదకొండు మంది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు."

నలభై మాటలు దాటకూడదని రూలు. "నిలబడి చదివేవాడికి కాళ్లుంటాయమ్మా" అంటారు ప్రొఫెసర్ గారు. దాటలేదు. ఈ లేబుళ్లన్నీ ఇత్తడి పలకల మీద చెక్కిస్తారు. చెక్కే అతనికి 24న పంపాలి. వచ్చే నెల ఒకటిన మ్యూజియం తెరుస్తారు. ఆ పదకొండు మంది ఇళ్లవాళ్లని పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారట.

పేరు లేదు కాబట్టి ఫర్వాలేదు.

4, బుధవారం

నాలుగో హాలు పక్కన పెట్టి తక్కినవి ముగిస్తున్నాను.

మొదటి హాలు, పాతకాలపు కోట ముట్టడి. కోట ఎందుకు పడిందంటే, నగారా వాడు తలుపులు మూయమనే దరువుకి బదులు తెరవమనే దరువు వేశాడట. రెండో హాలు, సముద్రం అవతల జరిగిన కందకాల యుద్ధం. ఒక బెటాలియన్ తన ఫిరంగుల కిందికే తాను నడిచి వెళ్లింది. ఎందుకంటే, జెండాలతో కబురు పంపేవాడు పొగలో తప్పుగా ఊపాడట. మూడో హాలు, విమానాల యుద్ధం. మనవాళ్లు సగం మంది అవతలే ఉండగా వంతెన పేల్చేశారు. ఎందుకంటే, వైర్‌లెస్ మనిషి అంకె తప్పు విన్నాడట.

గాజుపెట్టెల మేస్త్రీ కొలతలు తీసుకుంటూ నా భుజం మీదుగా ఇవన్నీ చదివాడు.

"ఇన్ని యుద్ధాల్లో సేనాపతి తప్పు ఒక్కటీ లేదేంటమ్మా?"

"ఉంటే రాసేవాళ్లం."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారు గదా. ఇక్కడ అన్ని హాళ్లలోనూ మద్దెలలే ఓడు."

నవ్వాను. నగారా మీద చెయ్యి వెయ్యొద్దు, వార్నిష్ తడిగా ఉంది అన్నాను.

సాయంత్రం రెండో హాలుకి బ్యారక్స్ దినచర్య బోర్డు రాశాను. పొద్దున లేపే పిలుపు, కవాతు పిలుపు, భోజనం పిలుపు. చివరిది: "రిట్రీట్. పొద్దు వాలే వేళ జెండా దించుతూ ఊదే పిలుపు." తేలికైన పని. తొందరగా అయిపోయింది.

6, శుక్రవారం

సరిచూడడానికి అన్నీ బల్ల మీద పరిచాను. బ్యారక్స్ బోర్డూ, తొమ్మిదో లేబులూ పక్కపక్కన పడ్డాయి. రెండూ నా చేతిరాతే. ఒకదాంట్లో రిట్రీట్ అంటే జెండా దించే పిలుపు అని రాశాను. ఇంకోదాంట్లో, ప్రొఫెసర్ గారి ఇంగ్లీషులో ఉన్న అదే రిట్రీట్‌కి వెనక్కి తగ్గే పిలుపు అని రాశాను.

కొండ స్థావరం పోయినందుకు అప్పట్లో జరిగిన విచారణ తీర్పు తీసి మళ్లీ చదివాను. పిలుపు గురించి ఉన్నది ఒకటే వాక్యం. ఆ సాయంత్రం బ్యూగిలర్ ఆజ్ఞ లేకుండా రిట్రీట్ ఊదాడు, దళం కొండ దిగింది. అంతే.

డ్రిల్ పుస్తకం తెరిచాను. యుద్ధంలో వెనక్కి తగ్గమనే పిలుపుకి వేరే పేరుంది. రిటైర్. ఉద్యోగం నుంచి రిటైర్ అయినట్టే. అది ఒక రాగం, ఇది ఒక రాగం. చేరిన మొదటి వారంలోనే ప్రతి సిపాయికీ నేర్పుతారని అక్కడే ఉంది. విచారణకి కూర్చున్న ముగ్గురూ లాయర్లు. వాళ్లకి ఇంగ్లీషు బాగా వచ్చు. రిట్రీట్ అంటే వెనక్కి తగ్గడమే అనుకున్నారు. నేనూ డిక్షనరీ చూసుకునే రాశాను.

తీర్పులో ఇంకో వాక్యం ఉంది. మర్నాడు పొద్దున బ్యూగిలర్ కొండ కింద దొరికినప్పుడు జెండా అతని చొక్కా లోపల మడతపెట్టి ఉంది. జెండా ఎత్తుకుని పారిపోయాడని దానికి అర్థం చెప్పారు.

పొద్దు వాలింది, జెండా దించాడు, ఊదాడు, మడతపెట్టాడు. అలా కూడా కావచ్చు. నాకు తెలియదు. తెలియదు అనే రాసుకోవాలి.

7, శనివారం

రేపు ఇంటికి వెళ్తున్నాను. ఏమీ అడగను. చూసి వస్తాను.

8, ఆదివారం

అడిగాను.

నేను వెళ్లేసరికి నాన్న ముందు గదిలో పెద్ద బాకా సొట్ట తీస్తున్నాడు. గొట్టంలోకి ఉక్కు గుండు జార్చి, బయటనుంచి చెక్క సుత్తితో తడుతూ, చెవి పెట్టి వింటూ పోతాడు. సొట్ట పోయాక బ్యాండు మేస్త్రీకిచ్చి "ఊదు" అన్నాడు. నాన్న ఊదడు. ఎవరి వాద్యం వాళ్లే ఊది చూసుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతే. పెదవికి దెబ్బ తగిలిందని అమ్మ అంటుంది. నాన్న పెదవి మీద మచ్చయినా లేదు.

మేస్త్రీ వెళ్లాక స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నాన్నా, కొండ మీద ఆ సాయంత్రం నువ్వు ఊదింది ఏది?"

"బ్యూగిల్."

"అది కాదు. రిట్రీటా, రిటైరా?"

సుత్తి గుడ్డలో చుట్టాడు. గుండు తుడిచి డబ్బాలో వేశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు.

"పెద్ద చదువు చదివావు. రెండూ ఒకటే గదమ్మా?"

"కాదు."

"కాదని ఎవరన్నారు? లాయర్లు ఒకటే అన్నారు. మాకు అర్థమైంది, వాళ్లకి అర్థమైంది, సంతకాలు పెట్టారు. నువ్వెందుకు మళ్లీ సొట్ట వెతుకుతావ్?"

"నీ మీద పడింది కదా నాన్నా."

"ఒక్కడి మీద పడింది. నలభై మంది ఇళ్లకి పోయారు. వాళ్ల పిల్లలు కూడా నీలాగే చదువుకున్నారు. లే, మీ అమ్మ పిలుస్తోంది."

అమ్మ పిలవలేదు.

మధ్యాహ్నం మామయ్య వచ్చాడు. డ్యూటీ దిగి, కండక్టరు చొక్కాతోనే. అమ్మకి అన్నయ్య. ఆ దళంలో ఉన్నాడు. తీసేసిన బ్యూగిలర్‌కి పిల్లనెవరిస్తారు అని అందరూ అంటుంటే, చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి నాన్నకి చేసింది మామయ్యే. ఇన్నాళ్లూ దాన్ని స్నేహం అనుకున్నాను.

"ఏం మేనకోడలా, యుద్ధాలన్నీ గెలిచావా?"

"ఒకటి మిగిలింది మామయ్యా."

"అది మీ నాన్నకొదిలెయ్. బావ ఊదాడంటే గోడలు కూడా వెనక్కి జరుగుతాయ్."

ఎప్పుడొచ్చినా అనే మాటే. నాన్న ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వినేవాళ్లకి ఎవరు ఎవర్ని ఎత్తిపొడుస్తున్నారో తెలియదు.

చిన్నప్పుడు మమ్మల్ని వీధిలోంచి ఇంట్లోకి తోలడానికి మామయ్య నోటితో బ్యూగిల్ ఊదేవాడు. సిపాయిలు ప్రతి పిలుపుకీ మాటలు కట్టుకునేవాళ్లట. వెనక్కి రమ్మనేదానికి, "పద పద వెనక్కి, బతికుంటే బలుసాకు." మేం ఆటలాపి పరిగెత్తుకొచ్చేవాళ్లం. పడుకోబెట్టేటప్పుడు ఇంకోటి, నెమ్మదిగా. "పొద్దు వాలె, పొద్దు వాలె, జెండా దించి దుప్పటి పరువు." ఒకదానికి ఇంకోటి ఎప్పుడూ పాడలేదు. మాకే తేడా తెలిసేది, ఐదేళ్ల పిల్లలకి.

చేతులు కడుక్కోవడానికి మామయ్య పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్లాను.

"మామయ్యా, ఆ రోజు నువ్వు కొండ దిగింది బలుసాకు విని దిగావా, పొద్దు వాలె విని దిగావా?"

సబ్బు చేతుల్లోనే ఉంది. నీళ్లు పోస్తున్నాను, చేతులు పెట్టలేదు.

"ఎవరు చెప్పారు నీకు ఈ మాటలు?"

"నువ్వే. దుప్పటి కప్పుతూ."

"మీ నాన్ననడుగు."

"అడిగాను. రెండూ ఒకటే అన్నాడు."

"అయితే ఒకటే." సబ్బు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నాకు సెకండు ట్రిప్పు ఉంది."

ఆదివారం సెకండు ట్రిప్పు లేదు. అన్నం తినకుండా వెళ్లిపోయాడు.

అమ్మ విస్తుపోయి వంటింటి గుమ్మంలో నిలబడింది. "అన్నయ్యని ఏమన్నావే?"

చెప్పాను.

"ఆ కొండ ఈ ఇంట్లోకి తేకు. ఒకడు తోడబుట్టినవాడు, ఒకడు కట్టుకున్నవాడు. ఏ చెయ్యి కోసినా నెత్తురు నాదే."

అమ్మకి తెలుసన్నమాట. ఎంతకాలంగా తెలుసో అడగలేదు.

9, సోమవారం

పేరు లేదు కదా అని మళ్లీ అనుకున్నాను. కానీ ప్రారంభానికి పాత సిపాయిల్ని కూడా పిలుస్తున్నారు. ఆ దళంలో బ్యూగిలర్ ఒక్కడే.

11, బుధవారం

ప్రొఫెసర్ గారికి రెండు లేబుళ్లూ, డ్రిల్ పుస్తకమూ చూపించాను. బ్యూగిలర్ ఎవరో చెప్పలేదు. ఆయన కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని మూడూ చదివారు.

"నేను ముప్ఫై ఏళ్లుగా ఈ తీర్పుని ఉదహరిస్తున్నాను. రెండు పుస్తకాల్లో రాశాను" అన్నారు. బాధపడుతున్నట్టు లేదు. ఆసక్తిగా ఉన్నారు. "సరే. నువ్వన్నట్టు ఊదింది జెండా దించే పిలుపే అనుకో. మరి దళం ఎందుకు దిగింది?"

నేను డ్రిల్ పుస్తకం మూశాను.

"చెప్పమ్మా. రిటైర్ విని దిగితే ఆజ్ఞ పాటించినవాళ్లు. జెండా పిలుపు విని ఏ సిపాయీ కొండ దిగడు, అది రోజూ వినేదే. అంటే వాళ్లంతట వాళ్లు దిగారు. యుద్ధంలో దానికి ఇంకో పేరుంది."

"పారిపోవడం."

"ఆ నలభై మందీ విచారణలో ఉన్నారు. లాయర్లు పొరబడుతుంటే చూస్తూ ఊరుకున్నారు. బ్యూగిలర్ కూడా ఊరుకున్నాడు, అది ఎందుకో నాకు అర్థం కాదు."

నాకు అర్థమవుతోంది. చెప్పలేదు.

"బ్యూగిల్ మాట ఎత్తకుండా, దళం కొండ దిగింది అని ఊరుకోవచ్చా సార్?"

"ఎందుకు దిగిందో చెప్పకపోతే అది చరిత్ర కాదు, బస్సుల టైమ్‌టేబుల్. ఆ దళంలోవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూడు. మాట ఆధారం కాదు, రాతపూర్వకంగా కావాలి. 24 లోపు వస్తే మారుద్దాం. రాకపోతే తీర్పు ఎలా ఉందో అలాగే పోతుంది. నీకూ నాకూ అనుమానం ఉన్నంతమాత్రాన ఇత్తడి మీద చెక్కలేం."

12, గురువారం

మూడో హాలు వంతెన లేబుల్లో "అంకె తప్పు విన్నాడు" తీసేసి, "తప్పు విన్నాడని అన్నారు" అని పెట్టాను. మొదటి హాలు నగారాకీ, రెండో హాలు జెండాలకీ అంతే చేశాను. ప్రొఫెసర్ గారు చూసి ఉండనిచ్చారు.

తొమ్మిదోదానికి కూడా అలా పెట్టేయొచ్చు. "ఊదాడని అన్నారు." పెట్టి చూశాను. ముందు వరసలో కూర్చునేవాళ్లకి ఆ ఒక్క మాటతో ఏం తేడా వస్తుంది? కొట్టేశాను.

13, శుక్రవారం

దాచడానికి మనసొప్పక ప్రొఫెసర్ గారికి చెప్పేశాను. "ఆ బ్యూగిలర్ మా నాన్న సార్."

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీ చూపించారు.

"బతికున్నారా?"

"ఉన్నాడు. బ్యాండు వాద్యాలు బాగుచేస్తాడు."

"అయితే ఆయన ఉత్తరం చెల్లదు. తన మీది నింద తాను చెరుపుకుంటున్నాడంటారు. నీ మాట అసలే చెల్లదు. కొండ దిగినవాళ్లలో ఒకడు రాయాలి. తనకి నష్టమని తెలిసి రాసిన సాక్ష్యానికే బరువు."

"రాస్తే, ఆ రాసినాయనకి ఏమవుతుంది సార్?"

"ఇన్నేళ్ల తర్వాత కేసేమీ ఉండదు. ఊళ్లో తల ఎలా ఎత్తుకుంటాడన్నది నేను చెప్పలేను."

పని నా చేతిలోంచి తీసేయలేదు. "లేబుల్ నువ్వే రాయి. ఏది వచ్చినా నువ్వే రాయాలి" అన్నారు. తీసేస్తే బాగుండేది.

15, ఆదివారం

ఇంటికి వెళ్లలేదు. హాస్టల్ డాబా మీద బట్టలు ఉతుక్కుని, అక్కడే కూర్చున్నాను.

మామయ్య మీద కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఎప్పుడొచ్చినా ఆ గోడల జోకు వేస్తాడు. మా ఇంట్లో మా నాన్న ముందే. కోపం వస్తుంది. నిలవదు.

మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినవాళ్లు లేరు. నన్ను చేర్చుకోవడానికి పెద్దమేస్టారు తటపటాయించాడట, తండ్రి సైన్యం నుంచి వెళ్లగొట్టిన మనిషి అని. మామయ్య బస్సుని బడి ముందు ఆపి, ప్యాసింజర్లని కూర్చోబెట్టి, ఈ పిల్లని చేర్చుకునేదాకా బస్సు కదలదు అన్నాడట. ప్యాసింజర్లు దిగొచ్చి మేస్టారు మీద పడ్డారు. నా ఫారం మీద సంతకం మామయ్యదే. సైన్యంలో రాత్రిబడికెళ్లి అక్షరాలు నేర్చుకున్నాడు, మా ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ ఆయనే చదివి వినిపిస్తాడు, నాన్న చెప్పింది ఆయనే జవాబు రాస్తాడు. నాకు "అ" దిద్దించింది కూడా ఆయనే, టికెట్ల వెనక.

కొండ దిగకపోతే ఆయన ఉండేవాడు కాదేమో. అప్పుడు అమ్మని నాన్నకి ఎవరు చేసేవారు? నేనే ఉండేదాన్ని కాను. ఇలా లెక్క వేసుకుంటూ పోతే ఎవరి తప్పూ మిగలదు. పదకొండు మంది మిగులుతారు.

నాన్నని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు నిజానికి. ఏది ఊదావని అడిగాను. ఊదడం ఎందుకు మానేశావని అడగలేదు.

మా ఇంటి పక్క కిరాణా కొట్టు ఫోన్లో ఇది మాట్లాడలేను, కొట్టంతా వింటుంది. ఉత్తరం రాస్తే చదివేది మామయ్య. అందుకే ఉత్తరమే రాస్తాను.

16, సోమవారం

చిత్తు ఇది. శుభ్రంగా తిరగరాసి రేపు పొద్దున్నే టపాలో వేస్తాను.

నాన్నకి,

మామయ్యా, ఇది చదివేది నువ్వే. నాన్ననీ అమ్మనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదువు. మధ్యలో ఒక్క ముక్క కూడా మింగకు. సెకండు ట్రిప్పు ఉందని లేవకు.

నాన్నా, మ్యూజియంలో కొండ స్థావరం గురించి ఒక ఇత్తడి పలక పెడుతున్నారు. బ్యూగిలర్ ఆజ్ఞ లేకుండా వెనక్కి రమ్మని ఊదాడనీ, అందువల్ల తర్వాత పదకొండు మంది పోయారనీ దాని మీద ఉంటుంది. ఆ మాటలు రాసింది నేనే. తెలియక రాశాను. తెలిశాక చెరపబోతే, నువ్వు చెప్పింది చెల్లదన్నారు, నేను చెప్పింది అసలే చెల్లదన్నారు. కాబట్టి నిన్ను ఇంకేమీ అడగను. ఇన్నాళ్లూ ఎవరి కోసం ఊరుకున్నావో నాకు తెలుసు. నువ్వు ఆ పని బాగానే చేశావు. ఇక చాలు.

మామయ్యా, అడిగేది నిన్ను. ఆ సాయంత్రం నీకు ఏ పిలుపు వినిపించింది? కొండ దిగడం ఎప్పుడు మొదలుపెట్టారు, అది వినకముందా, విన్నాకా? ఈ రెండే రాయి. నువ్వు భయపడ్డావని నేను పలక మీద రాయను, నీ పేరూ రాయను. కానీ దళం పిలుపు లేకుండా దిగిందని రాస్తాను, అది దాచను. నువ్వు దిగొచ్చావు కాబట్టే నేను బడికెళ్లాను, ఇవాళ ఈ పలక నా చేతిలో ఉంది. ఇది మర్చిపోయి అడగడం లేదు. గుర్తుండే అడుగుతున్నాను.

అమ్మా, నన్ను తిట్టు. వాళ్లిద్దర్నీ మాత్రం ఇది చదవడం అయ్యేదాకా గదిలోంచి కదలనివ్వకు.

వినిపించింది వెనక్కి రమ్మనే పిలుపే అయితే, మామయ్యా, అదే రాయి. ఆ పాత మాటలే నా చేత్తో మళ్లీ రాసి చెక్కడానికి పంపుతాను, ఇంకెప్పుడూ ఈ సంగతి ఎత్తను. కాకపోతే కాదని రాయి. నాన్న చెబితే రాసింది కాకుండా, మొట్టమొదటిసారి నీ అంతట నువ్వు రాసింది కావాలి, కింద నీ సంతకంతో. 24న పలకలు వెళ్లిపోతాయి. 21, శనివారం సాయంత్రం టపాకి నీ జవాబు నాకు అందాలి.